చేటెడు నూకలకు కొన్న పిల్ల

మొన్న ఆదివారం నా ఇంట్లో, నా పెరట్లో, నేను వింటూ ఉండగానే నన్ను కన్నతల్లి తనకు పిల్లలు లేరని చెప్పింది. అడిగింది దుర్గ. ఒకప్పుడు నా దగ్గర పదో తరగతి చదువుకున్న పిల్ల, ఇప్పుడు కెనడాలో నర్సు. కొడుకును వాళ్ళమ్మ దగ్గర వదిలి వెళ్ళి, అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి వచ్చాక వాడిని కూడా తన దగ్గరకు రప్పించుకోవడానికి దరఖాస్తు పెట్టుకుంది. అది మంజూరైందని కాజాల పెట్టె పట్టుకుని వచ్చింది. "ఏమీ ఇబ్బంది పడలేదండి టీచరుగారూ. నా పేపర్లు పెట్టినప్పుడే వాడి పేరు రాసేశాను కదండీ, చకచకా అయిపోయింది" అంది. చేట ముందేసుకుని నెత్తళ్ళ చేపల తలలు గిల్లుతున్న ముసలావిడ కూడా కెనడా నుంచే వచ్చిందని తెలిసి మాట కలిపింది. "మీకెంతమంది పిల్లలండి అమ్మమ్మగారూ?" అని అడిగింది. ఆవిడ తలెత్తలేదు. "నాకెవరూ లేరమ్మా. ఈ రత్నం మా సత్తెక్క కూతురు" అంది. దుర్గ అయ్యో పాపం అన్నట్టు మొహం పెట్టింది. నేను నోట్లో పెట్టుకున్న కాజాను మింగలేక, కక్కలేక నిలబడ్డాను.

ముందే చెప్పేస్తాను, నాకు కోపం ఎక్కువ. స్కూల్లో పిల్లలు నాకు ఎండుమిరపకాయ అని పేరు పెట్టుకున్నారని కూడా తెలుసు. ఆ కోపాలన్నీ టీ తాగేలోపు దిగిపోతాయి. ఈవిడ మీద కోపం మాత్రం ఇన్నేళ్ళయినా దిగలేదు. ఆవిడ పేరు మహాలక్ష్మి. నేను పిన్ని అంటాను. అమ్మా అని పిలిచింది సత్యవతిని. పేటలో అందరికీ ఆవిడ సత్తెమ్మ. ఆవిడ పోయి ఏడాది తిరిగింది, సంవత్సరీకానికే పిన్ని అంత దూరం నుంచి వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు, విమానంలో కాళ్ళు వాచిపోయాయి. అయినా దిగిన మర్నాడే చేట అడిగింది. కార్యం రోజున ఆవిడ ఏడ్చినంత ఏడుపు సత్తెమ్మ కన్న నలుగురు కొడుకులూ కలిసి కూడా ఏడవలేదు.

మాది ఉప్పాడ పక్కన చేపల వేటకు వెళ్ళేవాళ్ళ పేట. పిన్నికి నాకన్నా ముందు ఇద్దరు పుట్టి పోయారు, ఒకడు పాకే వయసులో, ఒకతి నడిచే వయసులో. మూడోసారి కడుపు పండినప్పుడు పేటలో పెద్దవాళ్ళు తేల్చి చెప్పారట, ఈ పిల్లను కన్నతల్లి తనది అనుకోకూడదని. పిల్లలు నిలిచిన చెయ్యి ఉన్న మరో ఆడది కొనుక్కోవాలి. ఎదురింటి సత్తెమ్మకు నలుగురు కొడుకులు, నలుగురూ రాళ్ళలా ఉన్నారు. నేను పుట్టాక నన్ను చేటలో పెట్టి గుమ్మం బయట పెంటకుప్ప పక్కన ఉంచారు. సత్తెమ్మ అటుగా వెళ్తున్నట్టు నటిస్తూ వచ్చి, "ఎవరి పిల్లో ఇది, దిక్కులేకుండా పడుంది, నేను కొనుక్కుంటాను" అని చేటెడు నూకలు పోసి నన్ను ఎత్తుకుపోయింది. పిన్ని ఆ నూకలతో జావ కాచుకుని తాగింది. నా ముక్కు కుట్టించారు, నాకు నూకరత్నం అని పేరు పెట్టారు. మృత్యువును మాయ చేసే నాటకం అది. మా వైపు చాలా ఇళ్ళల్లో ఇది ఒక పూట తంతు. పొద్దున కొని సాయంత్రం తిరిగి ఇచ్చేస్తారు, పేరు మాత్రం మిగులుతుంది. ఇద్దర్ని పోగొట్టుకున్న పిన్ని ఏ పనీ సగం సగం చేసే స్థితిలో లేదు. పెళ్ళిపీటల మీద సత్తెమ్మ నన్ను తిరిగి కన్నతల్లి ఒళ్ళో కూర్చోబెట్టేదాకా నా పిల్ల అనే మాట నోట రానివ్వనని మొక్కుకుంది. పంచాయతీ ఆఫీసులో నా పుట్టుక రాయించడానికి వెళ్ళింది కూడా సత్తెమ్మ మొగుడే. తల్లి సత్యవతి అని రాయించి వచ్చాడు. పాపం ఆయనకేం తెలుసు, ఆ ఒక్క మాట ఢిల్లీ దాకా వెళ్తుందని.

సత్తెమ్మ ఇంట్లో రోజు గాలిని బట్టి మొదలయ్యేది. లేవగానే గుమ్మంలో నిలబడి గాలి ఎటు వీస్తోందో చూసి, చుట్టను నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ ఆ రోజు చేపలు ఆరబెట్టాలా వద్దా అని తేల్చేది. ఆరబెట్టాలంటే మేమందరం వలలు పరిచి, ఉప్పులో నానిన చేపల్ని ఒక్కొక్కటీ విడివిడిగా పేర్చేవాళ్ళం. కాకుల్ని తోలడం నా పని. తోలుతూనే ఎక్కాలు చదివేదాన్ని. మబ్బు పట్టిందంటే తిండి దగ్గర కూర్చున్నవాళ్ళు కూడా ఎంగిలి చేతులతో పరిగెత్తి చేపలన్నీ తట్టల్లోకి ఎత్తేవాళ్ళు. నా పుస్తకాలకు, నా పలకకు, నా జడకు అదే వాసన. ఉప్పాడలో హైస్కూలుకు వెళ్ళినప్పుడు మగ్గాల వాళ్ళ పిల్లలు నా పక్కన కూర్చోవడానికి ముక్కులు మూసుకునేవాళ్ళు, నేను ఇంకాస్త దగ్గరగా జరిగి కూర్చునేదాన్ని. పొద్దున్నే చద్దన్నంలో ఉల్లిపాయ, నిప్పుల మీద కాల్చిన ఎండు చేప ముక్క. మగపిల్లలకు తోక, నాకు నడుము ముక్క. "కొని తెచ్చుకున్న పిల్ల, దానికి తక్కువ చేస్తే ఊరుకోదు పైవాడు" అనేది సత్తెమ్మ. నన్ను కొట్టింది లేదు, కొడుకుల్ని మాత్రం గరిట తిరగేసి బాదేది.

వీధి దాటితే పిన్ని ఇల్లు. రోజూ సాయంత్రం తల దువ్వించుకోవడానికి అక్కడికే వెళ్ళేదాన్ని. నేను గుమ్మంలోకి రాగానే ఆవిడ గొంతు పెంచి, వీధంతా వినిపించేలా, "మీ అమ్మకి తీరిక లేదేంటే? ఊళ్ళో పిల్లలందరి జడలూ నేనే వెయ్యాలా?" అని తిట్టేది. తిడుతూనే కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి ఉంచేది. వేళ్ళతో మాడు మీద నూనె రుద్దుతున్నంతసేపూ ఆవిడ ఊపిరి నా మెడ మీద తగిలేది. నాకు తెలుసు, పేటలో అందరికీ తెలుసు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళకు కూడా వచ్చిన వారంలోనే చెప్పేసేవాళ్ళు, ఈ పిల్ల ఎవరిదని ఎవరైనా అడిగితే సత్తెమ్మదని చెప్పాలని. ఒక్కసారి జ్వరంలో ఉన్నప్పుడు నేను పిన్నిని అమ్మా అని పిలిచాను. ఆవిడ నా నోరు చేత్తో మూసేసి, బయటకు పరిగెత్తి సత్తెమ్మను లాక్కొచ్చి నా మంచం పక్కన కూర్చోబెట్టింది. "ఇదుగో మీ అమ్మ, ఇదుగో" అంటూ తను గోడవారగా నిలబడింది. నాకు జ్వరం కన్నా ఆ రోజు ఆవిడ చేతిమీది చెమటే బాగా గుర్తు.

నన్ను కన్న తండ్రి వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. అప్పుడు నాకు ఊహ తెలుస్తోంది. ఆ తర్వాత పిన్ని కొన్నాళ్ళు సత్తెమ్మతో కలిసి ఎండుచేపల తట్ట మోసింది, ఆపైన మా వైపు చాలామంది ఆడవాళ్ళలాగే కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిపోయింది. అక్కడి నుంచి ఫోను చేస్తే ఉప్పాడలో టెలిఫోన్ బూతు దాకా నడిచి వెళ్ళేవాళ్ళం. ముందు సత్తెమ్మ మాట్లాడేది. పిన్ని అడిగేది, "మీ పిల్ల ఎలా ఉందక్కా? సరిగ్గా తింటోందా మీ పిల్ల?" సత్తెమ్మ ఫోను నా చెవి దగ్గర పెట్టి, "మాట్లాడవే, మీ పిన్ని" అనేది. పార్శిళ్ళు వచ్చినా సత్తెమ్మ పేరునే వచ్చేవి. గౌన్లు, బాదం పలుకులు, సబ్బులు, అన్నీ నా కొలతకే, నా ఇష్టానికే, ఒక్కదాని మీదా నా పేరు ఉండేది కాదు. చిన్నప్పుడు అదొక ఆటలా ఉండేది. జడ కుప్పెలు పెట్టుకునే వయసు దాటాక ఒళ్ళు మండిపోయేది. యముడికి చెవుడా, కువైట్ ఫోను కూడా వింటాడా అని సత్తెమ్మతో దెబ్బలాడేదాన్ని. "వింటాడేమో, నీకెందుకు?" అనేది ఆవిడ, అడ్డపొగ తీయకుండానే.

కువైట్‌లో ఆవిడ పనిచేసే కుటుంబం కెనడాకు మారినప్పుడు, ఇంట్లో మంచాన ఉన్న పెద్దావిడను చూసుకోవడానికి పిన్నిని కూడా తీసుకెళ్ళారు. అలా కొన్నాళ్ళు చేశాక అక్కడే ఉండిపోవడానికి అర్హత వస్తుందట. పిన్ని చదివింది ఐదో తరగతి. ఆ ఇంటి కోడలే కూర్చోబెట్టి ఆవిడ దరఖాస్తు నింపింది. పేరు, ఊరు, భర్త, అన్నీ అడుగుతూ వచ్చి, పిల్లలు ఎంతమంది అని అడిగింది. పిన్ని లేరు అంది. ఆ కోడలు అదే రాసింది, పిన్ని సంతకం పెట్టింది. ఇది చాలా తర్వాత తెలిసింది మాకు. అబద్ధం ఆడాలని కాదు, ఏదో దాచి లాభపడాలని అంతకన్నా కాదు. ఎవరు ఎప్పుడు అడిగినా ఆవిడ నోట వచ్చే జవాబు అదొక్కటే.

ఆ అనుమతి వచ్చాక ఆవిడ మొదట నన్ను అక్క కూతురిగా రప్పించుకోవచ్చా అని అడిగింది. అక్క కూతుళ్ళు కుదరదన్నారు, సొంత పిల్లలైతేనే, అదీ ఫలానా వయసు లోపల, పెళ్ళి కాకుండా ఉంటేనే అన్నారు. అప్పటికి నేను కాకినాడలో డిగ్రీ చదువుతున్నాను. పిన్ని ఫోన్‌లో ఈ మాట చెప్పి ఊరుకుంది. సత్తెమ్మే నిర్ణయం చేసింది. "ఇదిగో లచ్చిమీ, పిల్ల నాది. నా పిల్లని నేను నీ దగ్గరికి పంపుతున్నాను. కాగితంలో ఏమన్నా రాసుకో, నోటితో మాత్రం అనకు" అని ఫోన్‌లో అరిచి చెప్పింది. పిన్ని అమ్మవారికి మొక్కుకుని, నన్ను కూతురని రాసిన దరఖాస్తు మీద సంతకం పెట్టింది. ఆ నెలలోనే నాకు పచ్చకామెర్లు వచ్చాయి. హాస్టల్లో సగం మందికి వచ్చాయి, నీళ్ళు బాగోలేదు. అయినా ఆ సంతకం వల్లే వచ్చిందని ఇద్దరూ నమ్మారు. కోలుకున్నాక నేను ఎంత అరిచి చెప్పినా, పసరు మందు తాగిస్తూ సత్తెమ్మ తల అడ్డంగా ఊపుతూనే ఉంది.

నాకు వెళ్ళాలని ఎంత ఉండేదో ఇప్పుడు చెప్పినా ఎవరూ నమ్మరు. విమానం మీద మోజు లేదు, ఆ దేశం మీద మోజు లేదు, మంచు ఫొటోలు చూస్తేనే చలి వేసేది. అక్కడ మమ్మల్ని ఎరిగినవాళ్ళు ఎవరూ ఉండరు. ఒక గదిలో మేమిద్దరమే ఉంటాం. తలుపు వేసుకుని ఆవిడను అమ్మా అని పిలవొచ్చు. హాస్టల్లో స్నానాల గదిలో నీళ్ళు బాగా వదిలి, ఆ చప్పుడులో ఆ మాట అని చూసుకునేదాన్ని. నా ఆశంతా అంతే. ఆ ఆశ తీరడానికి నా దగ్గరున్న గడువు ఆ ఫలానా వయసు.

కాకినాడలో ఒక కన్సల్టెంటు దొరికాడు. ఆయన గదిలో ఫ్యాను కింద కూర్చుని నా కాగితాలు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "ఏంటమ్మా ఇది? పుట్టిన కాగితంలో తల్లి సత్యవతి, పదో తరగతి సర్టిఫికెట్లో తల్లి సత్యవతి, రేషన్ కార్డులో సత్యవతి. మరి ఈ మహాలక్ష్మిగారు ఎవరండి?" అన్నాడు. మా అమ్మ అన్నాను. "మరి సత్యవతిగారు?" మా అమ్మే అన్నాను. నూకల సంగతి చెప్పాను. ఆయనదీ ఈ పక్క ఊరే, వినగానే అర్థమయింది. "మా మేనత్త కూడా కొన్నపిల్లేనండి. కానీ ఇదంతా ఇంగ్లీషులో ఎలా రాయమంటారు?" అన్నాడు. పిన్నితో కలిసి ఉన్నట్టు పాత చిరునామా రుజువు కావాలన్నాడు. ఆ ఇల్లు ఎప్పుడో సముద్రంలో కలిసిపోయింది, ఆ వీధి కూడా లేదు. ఇప్పుడు ఆ గుమ్మం ఉన్నచోట పడవలు తిరుగుతున్నాయి, వెళ్ళి చూసుకోమనండి అన్నాను. ఆయన నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు.

ఈలోగా సంబంధం ఒకటి వచ్చింది. సత్తెమ్మ ఎగిరి గంతేసింది. పెళ్ళి జరిగితే పీటల మీద నన్ను పిన్ని ఒళ్ళో పెట్టేయొచ్చు, మొక్కు తీరిపోతుంది, ఆ తర్వాత ఆవిడ దర్జాగా నా కూతురు అని ఎక్కడైనా చెప్పుకోవచ్చు అని ఆవిడ లెక్క. నేను తల పట్టుకున్నాను. పెళ్ళయితే ఆ దేశం నన్ను రానివ్వదే అన్నాను. "అదేం న్యాయమే? పెళ్ళయితే కూతురు కాకుండా పోద్దేంటి?" అంది. మా పేటలో పెళ్ళయితేగానీ నేను ఆవిడ కూతుర్ని కాను, వాళ్ళ లెక్కలో పెళ్ళయితే ఆవిడ మీద ఆధారపడ్డ కూతుర్ని కాను. అడకత్తెరలో పోకచెక్కలా నేను మధ్యలో ఉండిపోయాను. సంబంధం తిప్పి పంపించాం. పెళ్ళికొడుకు తల్లి, నాకు చదువుకున్న పొగరని చాలాకాలం చెప్పుకుని తిరిగింది.

తర్వాత సత్తెమ్మ నాకు తల్లి కాదని నోటరీ ముందు ప్రమాణపత్రం ఇవ్వాలన్నారు. అది ఆవిడతో చేయించడానికి నేను పడ్డ పాట్లు పగవాళ్ళకు వద్దు. "ఈ పిల్ల నాది కాదని నా నోటితో అననే రత్నం. అన్నానంటే కట్టిన కట్టు తెగిపోద్ది. నీకేమన్నా అయితే?" అని మంచం కోడు పట్టుకుని కూర్చుంది. బతిమాలాను, అరిచాను, అన్నం మానేశాను. చివరికి ఒక షరతు మీద వచ్చింది. ఆవిడ ఏమీ అనదు, వేలిముద్ర మాత్రం వేస్తుంది. కోర్టు బయట వేపచెట్టు కింద బల్ల వేసుకున్న నోటరీగారు, చదివి వినిపించకుండా వేలిముద్ర తీసుకోకూడదన్నాడు. సరే చదవండి అంది సత్తెమ్మ. ఆయన మొదలుపెట్టగానే రెండు చెవుల్లోనూ వేళ్ళు దూర్చుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, గట్టిగట్టిగా అమ్మవారి పేరు చెప్పుకోవడం మొదలుపెట్టింది. ఆయన ఆపితే ఆవిడ ఆపేది, ఆయన చదివితే ఆవిడ మొదలుపెట్టేది. చుట్టూ ఉన్న ప్లీడర్లు నవ్వుతున్నారు. నాకు సిగ్గేసింది, కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. వేలిముద్ర వేశాక ఆ సిరా పోయేదాకా బొటనవేలు ఇసుకతో తోముకుంటూనే ఉంది.

ఢిల్లీలో కెనడా వీసా ఆఫీసువాళ్ళు ఇంటర్వ్యూకు పిలిచారు. సత్తెమ్మ పెద్దకొడుకు తోడు వచ్చాడు. అద్దం వెనక అధికారి ఇంగ్లీషులో అడిగితే, ఒక హైదరాబాదు అమ్మాయి తెలుగులో చెప్పేది. కన్సల్టెంటు నాకు అన్నీ వల్లె వేయించి పంపాడు. తల్లి పేరు మహాలక్ష్మి అని గడగడా చెప్పాను. పుట్టిన ఊరు, తండ్రి ఎలా పోయాడో, అన్నీ చెప్పాను. అప్పుడు ఆ అధికారి కాగితాలు పక్కన పెట్టి, ఊరికే మాటవరసకు అన్నట్టు, మీ అమ్మను ఆఖరిసారి ఎప్పుడు చూశావని అడిగాడు. "మొన్ననేనండి, సామర్లకోటలో రైలెక్కించింది" అన్నాను. నోటివెంట వచ్చాక గానీ తెలియలేదు. ఆ అమ్మాయి నా వంక జాలిగా చూసి, "ఏందమ్మా, ఆమె కెనడాల ఉన్నది కదా?" అంది. సర్దుకోబోయాను. ఆవిడను ఏమని పిలుస్తావని అడిగాడు. పిన్ని అంటానని చెప్పాను. ఇక దాచి ఏం లాభమని నూకలు, చేట, పెంటకుప్ప అంతా చెప్పాను. ఆ అమ్మాయి అదంతా ఇంగ్లీషులోకి మారుస్తుంటే ఆయన మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదు. పిల్లను అమ్మేశారా అని మాత్రం ఒకసారి అడిగాడు. రాత్రికి తిరుగు రైలెక్కాం.

రక్తపరీక్షతో తేలుస్తామన్నారు. ఇక్కడ నా రక్తం, అక్కడ ఆవిడ రక్తం తీసి పోల్చారు. వెధవ నూకల గొడవ వదిలిపోయిందని నేను పొంగిపోయాను, ఎందుకంటే రక్తానికి మొక్కులూ కట్లూ తెలియవు కదా. జవాబు వచ్చింది. నేను నిస్సందేహంగా ఆవిడ కూతుర్నే. కన్సల్టెంటు ఆ కాగితం చదివి కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. "కూతురివే అన్నారమ్మా. అందుకే కుదరదంటున్నారు" అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఆయన విడమరిచి చెప్పాడు. సొంత కూతురైతే ఆవిడ అక్కడ ఉండిపోవడానికి దరఖాస్తు పెట్టిన రోజునే నా పేరు రాసి ఉండాలి, వాళ్ళు నన్నూ పరీక్షించి ఉండాలి. లేరు అని రాసింది కాబట్టి ఇక నేను ఆవిడ కుటుంబం లెక్కలోకి రాను. కూతుర్ని కాకపోతే పరాయిదాన్నని రానివ్వరు, కూతుర్నని తేలితే దాచిన కూతుర్నని రానివ్వరు. "మరి పరీక్ష ఎందుకు చేయించారండి?" అని ఆయన మీద పడి అరిచాను. ఆయన మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపాడు. పైకి రాసుకుంటే దయ తలుస్తారేమోనని రాసుకున్నాం, దానికి జవాబు వచ్చేసరికి నా వయసు దాటింది, వచ్చిన జవాబు కూడా అదే.

ఆ తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. పెళ్ళికి పిన్ని రాలేకపోయింది. ఆవిడ చూసుకునే పెద్దావిడ అప్పుడే చావుబతుకుల్లో పడింది, వదిలి రావడానికి వీల్లేకపోయింది. పీటల మీద సత్తెమ్మ పక్కన పిన్ని కోసం వేసిన పీట ఖాళీగా ఉండిపోయింది. వచ్చినప్పుడు ఆ తంతు జరిపిద్దామన్నాను. పీటల మీద కావాల్సింది మరెక్కడా కాదని పెద్దవాళ్ళు అన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చి, మీ తంతులూ వద్దు మీరూ వద్దని లేచిపోయాను. ఏడాది క్రితం సత్తెమ్మ పోయింది. కొన్నావిడే లేకపోయాక నన్ను తిరిగి ఇచ్చేవాళ్ళు ఎవరు? ఆ లెక్కన నేను చచ్చేదాకా సత్తెమ్మ కూతురినే. అందుకు నాకు చింత లేదు, ఆవిడ పెట్టిన నడుము ముక్కలు తిని పెరిగాను. కానీ దుర్గను చూస్తే కడుపు మండింది. దుర్గ ఈడు తల్లుల పిల్లలకు ఆసుపత్రి మంచం మీదే తల్లి పేరుతో కాగితం వచ్చేస్తోంది. పాలు తాగే పిల్లాడి ఫొటో రోజుకొకటి ఫోన్‌లో పెట్టి, నా బంగారం, నా రాజా అని లోకమంతటికీ చెప్పుకుంటారు. ఏ దిష్టీ వాళ్ళ జోలికి రాదు. ఒక్క మాట రాసి వాళ్ళు దాటేసిన గుమ్మం దగ్గర నా యవ్వనమంతా నిలబడిపోయింది.

దుర్గ వెళ్ళాక నేను పెరట్లోకి వెళ్ళి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. ఆవిడ బాధపడుతుందని ఊరుకున్నాను, ఇప్పుడు బాధపడితే పడనీ అనిపించింది.

"పిన్నీ, ఆ కాగితం ఇప్పుడు మళ్ళీ నీ చేతికిచ్చి, పిల్లలున్నారా అని అడిగితే ఏం చెప్తావు?" అన్నాను.

"లేరనే చెప్తాను" అంది వెంటనే.

"ఇంత జరిగాక కూడానా? నీకు బుద్ధుందా అసలు? నేనక్కడికి వచ్చుంటే మనం కలిసి బతికేవాళ్ళం కదా! నాకు అమ్మా అని పిలుచుకునే రాత లేకుండా చేశావు కదా!" నా గొంతు పక్కింటి దాకా వెళ్ళి ఉంటుంది.

ఆవిడ నెత్తళ్ళు గిల్లడం ఆపింది. చేతులు చేటలోనే ఉంచి, మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూసింది.

"నీకన్నా ముందు ఇద్దరున్నారు కదే రత్నం. వాళ్ళిద్దర్నీ నా పిల్లలనే చెప్పుకున్నాను. చంకనేసుకుని పేటంతా తిప్పి, నా కొడుకు, నా కూతురు అని కనపడ్డవాళ్ళందరికీ చూపించాను. నిన్నొక్కదాన్నే చెప్పుకోలేదు. నువ్వొక్కదానివే ఉన్నావు."